లెక్కకు రాని చావు చావు కాదా?

"కరోనా మా కొండ ఎక్కలేదు" అన్న మాట ఈ కొన్నేళ్లలో మేము చాలాచోట్ల విన్నాం. సంతలో విన్నాం, ఉపాధ్యాయుల సమావేశాల్లో విన్నాం, మైకు ముందు మాట్లాడే పెద్దల నోట కూడా విన్నాం. మనవాళ్లు గర్వంగా అంటారు: అంబలి తాగి కొండలెక్కే ఒంటిని ఏ రోగం ఏం చేస్తుందని. బయటివాళ్లు మెచ్చుకోలుగా అంటారు: ఆదివాసుల తిండి మంచిది, గాలి మంచిదని. ఇద్దరూ చూపించేది అంకెనే. విశాఖలో అన్ని కేసులు, మన్యంలో ఇన్నే. కేరళలో అన్ని చావులు, మన రాష్ట్రంలో ఇన్నే. అంకె చూపించాక ఇంక చెప్పేదేముంది అన్నట్టు మాట అక్కడితో ఆగిపోతుంది.

ఆగిపోయిన ఆ చోటు నుంచే మేము మొదలుపెడుతున్నాం. రెండు ప్రాంతాల చావుల లెక్కలు పక్కపక్కన పెట్టి, ఇక్కడ మేలు, అక్కడ కీడు అనడం న్యాయమేనా? న్యాయం కాకపోతే పోల్చడమే మానుకోవాలా? లెక్కలోకి ఎక్కకుండా పోయిన మనిషికి మిగిలినవాళ్లం ఏం బాకీ ఉన్నాం? ఇవి పైకి లెక్కల ప్రశ్నల్లా కనిపిస్తాయి గానీ నిజానికి నీతికి సంబంధించిన ప్రశ్నలు. బడిలో శాతాలు, సగటులు చెప్పే మేము వీటిని తప్పించుకుని పోలేం.

ముందు అంకెలు చూద్దాం. ప్రభుత్వ లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో కరోనాతో చనిపోయినవాళ్లు 14,733 మంది. తెలంగాణలో 4,111 మంది. కేరళలో 70 వేలు దాటారు. 2011 జనాభాతో భాగిస్తే లక్ష మందికి మన రాష్ట్రంలో సుమారు 30 మంది, తెలంగాణలో 12 మంది, కేరళలో 200 మందికి పైగా చనిపోయినట్టు వస్తుంది. ఐదో తరగతి పిల్లవాడు కూడా ఈ భాగహారం చేయగలడు. చేసి, కేరళలో పుట్టినవాడికి మనకంటే ఏడు రెట్లు ప్రమాదం వచ్చిందని జవాబు రాయగలడు. లెక్క తప్పు కాదు. జవాబు మాత్రం నమ్మదగ్గది కాదు.

ఎందుకో ఇంకో అంకె చెబుతుంది. 2021 జూన్, జూలై నెలల్లో ఐసీఎంఆర్ దేశంలో 70 జిల్లాల్లో రక్త పరీక్షలు చేసింది. రోగం వచ్చి పోయినా, టీకా పడినా రక్తంలో ఆనవాలు మిగులుతుంది. ఆ ఆనవాలు ఆంధ్రప్రదేశ్‌లో 70.2 శాతం మందిలో దొరికింది. కేరళలో 44.4 శాతం మందిలోనే దొరికింది. అంటే అప్పటికి మన రాష్ట్రంలో దరిదాపు మూడున్నర కోట్ల మందిలో ఆనవాలు ఉండాలి. ప్రభుత్వ పుస్తకంలో ఉన్న కేసులు సుమారు 19 లక్షలు. పద్దెనిమిది మందిలో ఒకరే పుస్తకంలోకి ఎక్కారు. కేరళలో సుమారు కోటిన్నర మందిలో ఆనవాలు ఉంటే, పుస్తకంలో 30 లక్షల కేసులున్నాయి. అక్కడ ఐదుగురిలో ఒకరు ఎక్కారు. టీకా వాటా తీసేసి చూసినా తేడా తేడాగానే ఉంటుంది. రోగం కేరళలో ఎక్కువని మనం అనుకున్నాం. నిజానికి అక్కడ ఎక్కువగా ఉన్నది రోగాన్ని చూసే కన్ను.

పైగా కేరళలో ముసలివాళ్లు ఎక్కువ. 2011 లెక్కల్లో అక్కడ 60 ఏళ్లు దాటినవాళ్లు 12.6 శాతం. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 9.8 శాతం. ఈ రోగం ముసలివాళ్లనే ఎక్కువగా పట్టుకుపోయింది. వయసు చూడకుండా రెండు రాష్ట్రాలను పోల్చడం, ఒకటో తరగతి పిల్లల ఎత్తునూ పదో తరగతి పిల్లల ఎత్తునూ కొలిచి ఏ బడిలో మధ్యాహ్న భోజనం బాగుందో తేల్చడం లాంటిది.

ఆ రక్త పరీక్షలకు మన రాష్ట్రం నుంచి ఎంచిన జిల్లాలు మూడు: కృష్ణా, నెల్లూరు, విజయనగరం. విశాఖ మన్యం అందులో లేదు. కాబట్టి కొండ మీద ఎందరికి రోగం వచ్చి పోయిందో ఆ పరీక్ష కూడా చెప్పలేదు. "కొండ ఎక్కలేదు" అన్న మాటకు ఆధారం లేదు. చాలా ఎక్కిందనడానికీ అంకె లేదు. ఉన్నది ఖాళీ గడి. ఖాళీ గడిలో సున్నా రాయకూడదని పిల్లలకు మేమే చెబుతాం. పరీక్షకు రాని పిల్లవాడికి సున్నా మార్కులు వేయం, రాలేదని రాస్తాం. సున్నాకూ ఖాళీకీ ఉన్న ఆ తేడాలోనే మా ప్రశ్న అంతా ఉంది.

ఇక మన కొండలకు దగ్గరగా వద్దాం. నర్సీపట్నం మైదానానికీ మన్యానికీ మధ్య గుమ్మం లాంటి ఊరు. లంబసింగి ఘాటు దిగి చింతపల్లి, గూడెం కొత్తవీధి జనం ఇక్కడికే వస్తారు. కొయ్యూరు వైపు నుంచి కృష్ణదేవిపేట మీదుగా వస్తారు. జ్వరం ముదిరినవాళ్లను డోలీ కట్టి రోడ్డు దాకా మోసి, అక్కడి నుంచి ఆటోలోనో 108లోనో నర్సీపట్నం ఏరియా ఆసుపత్రికి తెస్తారు. ఇక్కడ కుదరకపోతే అనకాపల్లి, లేదా విశాఖ కేజీహెచ్, విమ్స్. ఇప్పుడు ఒక మనిషిని ఊహించండి. గూడెం కొత్తవీధి అవతల గూడెంలో దగ్గు మొదలై, విశాఖ ఆసుపత్రిలో ప్రాణం పోయిన మనిషి. ఆ చావు ఎక్కడిది? 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం చావు ఎక్కడ జరిగితే అక్కడే నమోదు కావాలి. అంటే అది నగరపాలక సంస్థ పుస్తకంలో పడుతుంది. రోగం పట్టింది కొండ మీద, మోసింది కొండ మనుషులు, ఏడ్చింది కొండ మీది ఇల్లు. అంకె మాత్రం నగరానిది. కొండ మీద సరిపడా ఆసుపత్రి లేకపోవడం వల్లే కొండ లెక్క శుభ్రంగా కనిపిస్తుంది. లోటే మంచిపేరుగా మారిపోతుంది. ఇంతకంటే విచిత్రమైన మంచిపేరు మరొకటి ఉంటుందా?

రోజూ సాయంత్రం వచ్చిన బులెటిన్ జిల్లాల వారీగా ఉండేది. విశాఖపట్నం జిల్లా అని ఒకటే వరస. సముద్రం ఒడ్డు మేడలూ, చింతపల్లి కాఫీ తోటలూ, ఒడిశా సరిహద్దు గూడేలూ అన్నీ ఆ ఒక్క వరసలోనే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. చింతపల్లి, గూడెం కొత్తవీధి, కొయ్యూరు పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. అప్పటికే మూడు అలలూ పోయాయి. కొత్త జిల్లా పేరు పాత బులెటిన్లలో ఎక్కడా ఉండదు. రేపు ఎవరైనా మన జిల్లాలో ఎందరు పోయారని వెతికితే ఆ పేరున దొరికేది ఖాళీయే.

పోనీ విడిగా లెక్కపెట్టి ఉంటే సరిపోయేదా? అక్కడా జాగ్రత్త కావాలి. అరవై గడపల ఊళ్లో 250 మంది ఉంటారు. ఒక్కరు పోతే లక్షకు 400 అవుతుంది. పక్క ఊళ్లో ఎవరూ పోకపోతే సున్నా. అలాగని మొదటి ఊరు పాడైందనీ, రెండో ఊరు దేవుడు కాచాడనీ అనలేం. చిన్న ఊళ్లలో శాతం గాలిపటంలా ఊగుతుంది. చిన్న సమూహాల దగ్గర శాతం కంటే పేరు ఎక్కువ నిజం చెబుతుంది. ఎవరు, ఎంత వయసు, ఏ జబ్బు, ఎవరు మోశారు, ఎక్కడిదాకా వెళ్లారు అన్నవే అసలు సమాచారం.

ఇంకో మాట కూడా చెప్పాలి. అంకె తనంతట తాను పుట్టదు. ఒక ఆశా కార్యకర్త గడప ఎక్కి అడిగితే, ఒక ఏఎన్ఎం నమూనా తీస్తే, ఒక వైద్యుడు కారణం రాస్తే పుడుతుంది. ఆ మనుషులు భయపడితే అంకె కూడా భయపడుతుంది. 2020 ఏప్రిల్‌లో నర్సీపట్నం ఏరియా ఆసుపత్రి మత్తు వైద్యుడు డాక్టర్ సుధాకర్ మాస్కులు చాలడం లేదని బహిరంగంగా చెప్పారు. సస్పెండయ్యారు. తర్వాత విశాఖ నడిరోడ్డు మీద ఆయనకు జరిగింది రాష్ట్రమంతా చూసింది. విషయం హైకోర్టుకు, అక్కడి నుంచి సీబీఐకి వెళ్లింది. 2021 మేలో ఆయన చనిపోయారు. ఆ గొడవలో తప్పొప్పులు తేల్చడం మా పని కాదు. కానీ అది చూసిన చిన్న ఉద్యోగి ఏం నేర్చుకుని ఉంటాడో మనం అడగాలి. ఉన్నది ఉన్నట్టు చెప్పినవాడికి ఏమవుతుందో చూశాక, "మా దగ్గర అంతా బాగానే ఉంది" అన్న జవాబు ఎంత సులువుగా నోటికొస్తుంది!

అయితే లెక్క తగ్గడానికి కారణం ప్రభుత్వం ఒక్కటే కాదు. మనవాళ్లూ దాచారు. ఇది చెప్పుకోకపోతే మా వాదన సగమే. 2020 మార్చిలో ఎవరూ చెప్పకముందే చాలా గూడేలు దారికి అడ్డంగా దుంగలు వేసి, కొత్తవాళ్లను రానివ్వలేదు. అంటురోగాన్ని ఎలా ఆపాలో మన పెద్దలకు తెలుసు. అదే ఊళ్లు రెండో అల వచ్చేసరికి జ్వరాన్ని చెప్పుకోలేదు. ఎందుకు? చెబితే తీసుకుపోతారు. భాష తెలియని చోట, ముఖం కనిపించని దుస్తుల మధ్య మనిషి ఒంటరిగా పోతాడు. శవం ఊరికి రాదు. దిసారి చెప్పిన వేళకు జరగాల్సింది జరగదు, బారికి కబురు చెప్పడానికి పీనుగే ఉండదు. మన దృష్టిలో ఇది చావుకంటే పెద్ద నష్టం. దీన్ని చాలామంది అజ్ఞానం అన్నారు. మేము అలా అనం. ఒక మనిషి తన వాళ్ల మధ్య పోవాలా, పుస్తకంలో అంకెగా మిగలాలా అని అడిగితే, మనవాళ్లు మొదటిది ఎంచుకున్నారు.

కానీ ఆ ఎంపికకు ధర ఉంది. దాచిన జ్వరం పక్కింటికి పోయింది. ఇటుకల పండక్కి కలిసినవాళ్లలో ఎవరి నుంచి ఎవరికి పోయిందో ఎవరూ అడగలేదు. అది మలేరియా అనుకున్నారు, టైఫాయిడ్ అనుకున్నారు, కొన్నిచోట్ల నిజంగానే అవి కూడా అయి ఉంటాయి. పరీక్ష లేదు కాబట్టి రోగానికి పేరు లేదు. పేరు లేదు కాబట్టి కాగితం లేదు. కాగితం లేకపోతే ఏమవుతుందో ఆ ఏడాది చివర్లో తెలిసింది.

2021 అక్టోబరులో సుప్రీంకోర్టు కరోనా మృతుల కుటుంబాలకు 50 వేల రూపాయల సాయానికి దారి తెరిచింది. పరీక్షలో రోగం తేలిన 30 రోజుల్లోపు పోతే, ఆసుపత్రి బయట పోయినా కరోనా చావుగానే చూడాలన్నారు. 2022 జనవరి నాటికి మన రాష్ట్రంలో వచ్చిన దరఖాస్తులు 36 వేలు దాటాయి. అప్పటికి ప్రభుత్వ లెక్కలో చావులు పద్నాలుగున్నర వేల లోపే. తెలంగాణలో నాలుగు వేల చావులకు దరఖాస్తులు దరిదాపు 29 వేలు. కేరళలో మాత్రం దరఖాస్తుల కంటే నమోదైన చావులే ఎక్కువ. నిన్నటిదాకా తక్కువ అంకె గొప్ప అన్న రాష్ట్రాల్లోనే జనం కాగితాలు పట్టుకుని, "మా ఇంట్లో కూడా పోయారు" అని వరస కట్టారు. ఆ వరసలో నిలబడాలన్నా పరీక్ష కాగితమో ఆసుపత్రి కాగితమో ఉండాలి. గూడెంలో పోయినవాళ్లకు అదే లేదు. లెక్కలో లేకపోవడం ఇంటికి వచ్చి ఇలా తలుపు తట్టింది.

దేశం మొత్తం చూసినా కథ ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో ఒక అంచనా వేసింది. 2020, 2021 రెండేళ్లలో భారతదేశంలో మామూలుగా ఉండాల్సిన దానికంటే 47 లక్షల చావులు ఎక్కువ జరిగాయని చెప్పింది. ప్రభుత్వ కరోనా లెక్క అప్పటికి 4.8 లక్షలు. పద్ధతి సరిగా లేదని మన ప్రభుత్వం ఒప్పుకోలేదు. తర్వాత ప్రభుత్వమే విడుదల చేసిన నమోదు లెక్కల్లో 2019లో 76 లక్షలు, 2020లో 81 లక్షలు ఉన్న చావులు 2021లో కోటీ 2 లక్షలయ్యాయి. ఈ పెరుగుదలంతా కరోనా అనలేం. నమోదు మెరుగైతే కూడా అంకె పెరుగుతుంది. బళ్లు, బస్సులు ఆగిపోయి కాన్పులో, గుండెజబ్బులో సమయానికి ఆసుపత్రి చేరక పోయినవాళ్లూ ఇందులో ఉంటారు. అయినా ఒకే ఏడాదిలో 20 లక్షలకు పైగా పెరిగిందంటే, పేరు ఏదైనా, మనుషులైతే పోయారు.

ఇక్కడ ఒకరు అడగవచ్చు: అంకెలు ఇంత మోసం చేస్తుంటే పోలిక ఎందుకు, వదిలేయవచ్చు కదా? మేము ఒప్పుకోం. పోలిక మానేస్తే ముందుగా మేలు జరిగేది ఏమీ చేయనివాళ్లకే. కేరళను పక్కన పెట్టి చూడబట్టే కదా మన పద్దెనిమిదిలో ఒకటి బయటపడింది! పోలిక కత్తిపీట లాంటిది. చేయి కోసుకుంటుందని వంటింట్లోంచి తీసేయం, పట్టుకోవడం నేర్చుకుంటాం. రెండు చోట్ల అంకెలు చూసినప్పుడు మూడు ప్రశ్నలు అడిగితే చాలు. ఎవరు, ఎలా లెక్కపెట్టారు? ఎంతమందితో, ఏ వయసువాళ్లతో భాగించారు? ఎవరు లెక్క బయట ఉండిపోయారు? మూడో ప్రశ్న మనకు అన్నిటికంటే ముఖ్యం. ఎందుకంటే దానికి జవాబు తరచూ మనమే.

లెక్క సరిచేసుకున్నవాడికి శిక్ష పడుతుందన్నది కూడా నిజమే. 2021 మే చివర్లో పెరూ దేశం తన కరోనా చావుల లెక్కను తిరిగి చూసి, 69 వేల నుంచి లక్షా 80 వేలకు పెంచింది. ఒక్కరోజులో ఆ దేశం జనాభాతో పోల్చితే ప్రపంచంలోనే అధ్వానమైనదిగా పేరు తెచ్చుకుంది. ఆ రోజు అక్కడ కొత్తగా ఎవరూ ఎక్కువ చనిపోలేదు. నిజం చెప్పారు, అంతే. పట్టికలో కింద ఉన్నవాళ్లు పెరూను చూసి జాలిపడ్డారు. జాలిపడాల్సింది ఎవరిని చూసో ఆలోచించండి.

బ్రెజిల్ ఆదివాసుల సంగతి మనకు ఇంకా దగ్గరిది. అక్కడి ప్రభుత్వ శాఖ ఆదివాసీ భూముల్లో ఉన్న ఆదివాసుల చావులనే ఆదివాసీ చావులుగా లెక్కపెట్టింది. పట్నానికి పనికి పోయి చనిపోయినవాళ్లు ఆ లెక్కలోకి రాలేదు. అపుడు ఆపీబ్ అనే వాళ్ల సమాఖ్య తామే ఊరూరా సమాచారం తెప్పించి విడిగా లెక్క కట్టింది. ఆ లెక్క ప్రభుత్వ లెక్క కంటే ఎక్కువ వచ్చింది. మనిషి ఎక్కడ పోయినా మా మనిషే అన్నదే వాళ్ల సూత్రం. విశాఖ ఆసుపత్రిలో పోయిన కొండ మనిషికి ఈ సూత్రం వర్తించదా?

"లెక్కపెడితే పోయినవాళ్లు తిరిగొస్తారా?" అని మన పెద్దలు అడుగుతారు. రారు. మనల్ని లెక్కపెట్టిన ప్రతిసారీ మంచి జరగలేదన్నది కూడా వాళ్లకు అనుభవమే. పన్నుకు లెక్కపెట్టారు, వెట్టికి లెక్కపెట్టారు, అడవి నుంచి ఖాళీ చేయించడానికి లెక్కపెట్టారు. ఆ అనుమానం న్యాయమైనదే. అందుకే ఇతరుల పుస్తకంలోకి ఎక్కించమని అడగడంతో సరిపెట్టుకోకుండా, మన పుస్తకం మనం రాసుకోవాలంటున్నాం.

అది పెద్ద విద్య కాదు. మన ఊళ్లకు చావులు తెలుసు. ఫలానా ముసలమ్మ ఇటుకల పండక్కి ముందు పోయింది, ఫలానా కుర్రవాడు కొర్రకొత్త నాటికి లేడు అని ప్రతి గడపా చెబుతుంది. తేదీ లేకపోయినా పండగ ఉంది. ఈ మాటలు శాస్త్రం కాదని ఎవరూ కొట్టిపారేయలేరు. మన దేశంలో నమోదైన చావుల్లో వైద్యుడు కారణం రాసినవి ఐదింట ఒక వంతు చుట్టూనే. అందుకే ప్రభుత్వ నమూనా నమోదు సర్వేలో ఇంటికి వెళ్లి, పోయే ముందు ఎలా ఉంది, ఎన్నాళ్లు దగ్గారు, ఊపిరి ఆడిందా అని ఇంటివాళ్లను అడిగి కారణం తేలుస్తారు. ఇంటివాళ్ల నోటిమాటే అక్కడ ఆధారం. ఆ మాటలు మన భాషల్లో అడిగి, నోట్‌బుక్‌లో రాయగలిగిన చదువుకున్నవాళ్లు ఇప్పుడు దాదాపు ప్రతి పంచాయతీలో ఉన్నారు. బళ్లో మేమున్నాం.

ఆలస్యమైతే ఇది జరగదు. వందేళ్ల కింద విషజ్వరం వచ్చినప్పుడు ఊళ్లు ఎంత ఖాళీ అయ్యాయో జనగణన చెప్పింది. 1911 నుంచి 1921కి దేశ జనాభా పెరగాల్సింది పోయి కాస్త తగ్గింది. ఈసారి 2021లో జరగాల్సిన జనగణనే ఆగిపోయింది. 2027 మార్చి 1 నాటి జనాభాతో చేస్తామని 2025లో ప్రకటించారు. ఇన్నేళ్ల తర్వాత గడప ముందు నిలబడేవారు ఉన్నవాళ్లను రాసుకుంటారు. లేనివాళ్ల గురించి అడిగే గడి ఆ కాగితంలో మనకోసం ఉంటుందని కూర్చోలేం.

కాబట్టి మా జవాబు ఇది. తక్కువ అంకె గౌరవం కాదు, ఎక్కువ అంకె అవమానం కాదు. పోయిన మనిషిని పోయాడని ఒప్పుకోవడం గౌరవం. కొండ మీద కరోనా రాలేదని ఇకమీద ఎవరైనా అంటే, మనవాళ్లయినా సరే, ఎవరు లెక్కపెట్టారని అడగండి. ఆ తర్వాత మీ ఊళ్లో ఆ రెండేళ్లలో పోయినవాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాయండి. వయసు, పండగ, జ్వరం, డోలీ ఎక్కడిదాకా వెళ్లిందో రాయండి. రోగం పేరు తెలియకపోతే ఆ గడి ఖాళీగా వదలండి. సున్నా మాత్రం వేయకండి.